చెప్పులకు కూడా పనికిరాని టైరు

ధర్మపురికి నాలుగు మైళ్ల ఇవతల మా ఊరు. ఊళ్లో ఉన్నది ఒకే కారు, దాన్ని నడిపేవాణ్ణి నేనొక్కణ్ణే. నా పేరు హనుమండ్లు. ఈ రెండు ముక్కలు చెప్పుకోవడానికి ఒకప్పుడు నాకు ఎంత గర్వమో. ఇప్పుడు అదే నోటితో ఈ సంగతి చెప్తున్నాను. విని మీరు భయపడితే మంచిదే. ఇంటికి పోయాక మీ బండి టైర్లు ఒకసారి వంగి చూసుకుంటారు.

మా నాయన దొరగారి తోటలో మోట కొట్టేవాడు. ఎడ్లు ముందుకు నడిస్తే బావిలోంచి తోలు బొక్కెన నీళ్లతో పైకొచ్చేది. ఆ బొక్కెనకు వారం వారం కానుగ నూనె పట్టించడం చిన్నప్పటి నుంచీ నా పని. నూనె తాగిన తోలు మెత్తబడుతుంది, పగలదు, ఏళ్ల తరబడి నీళ్లు మోస్తుంది. అరచేతుల నిండా ఆ చేదు వాసన, ఎన్నిసార్లు కడుక్కున్నా పోయేది కాదు. మోట తోలే కుర్రవాడు కారు డ్రైవరయ్యాడని ఊరంతా నవ్వినా, దొర రామకిషన్‌రావు గారు మాత్రం నన్నే నమ్మారు.

ఆయన కారు కొన్నది నైజాం రోజులు ముగిసే ముందు. ఏడాది తిరక్కుండానే ఊళ్లల్లో గడబిడ మొదలై, దొరలంతా పట్నం దారి పట్టారు. కారు మాత్రం దొరవారి గడి బంగళా వెనక షెడ్డులో నిలబడిపోయింది. ఆరేళ్లు అలాగే, తన బరువంతా నాలుగు టైర్ల మీద మోపి. దొరవారు తిరిగొచ్చాక కూడా పండక్కో, ధర్మపురి జాతరకో తప్ప బయటికి తీసింది లేదు. నేను మాత్రం ఒక్క శనివారం కూడా తప్పలేదు. ఆంజనేయస్వామికి నూనె పోసే రోజే కారుకూ నూనె రోజు. గుడ్డ ముంచి నాలుగు టైర్లకూ కానుగ నూనె పట్టించేవాణ్ణి. నల్లగా నిగనిగలాడుతుంటే చూసి మురిసిపోయేవాణ్ణి. నాకు టైరంటే బండి చక్రానికి కట్టిన తోలే. అంతకు మించి తోచలేదు.

నా బిడ్డ బాలలక్ష్మికి పదహారేళ్లప్పుడు, జగిత్యాల దగ్గర ఒక టైరు రాయి తగిలి చీలింది. ఉన్న ఒక్క స్టెప్నీ దానికి బదులు ఎక్కించాను. చీలిన దాన్ని షెడ్డులో మేకుకు తగిలించాను. అది చూసి బాలలక్ష్మి చెప్పులు కావాలని పట్టుబట్టింది. చెప్పులు కుట్టే పర్శరాములును పిలిపించాం. ఆమెను టైరు ముక్క మీద నిలబెట్టి, పాదం చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, కత్తితో కోశాడు. కోస్తూ కోస్తూ ఆగిపోయాడు. కత్తి కింద నల్లటి పొడి రాలుతోంది.

"హనుమండ్లన్నా, దీనికి పాణం పోతున్నది. ఇంకో రెండేండ్లయితే గిది చెప్పులకు గూడ పనికిరాదు. కారుకున్న నాలుగు గూడ దీని తోడబుట్టినయే గద?"

గీతలు ఒక్కటీ అరగలేదు చూడమన్నాను. అరిగితే కనపడుతుంది, ముసలిదైతే కనపడదన్నాడు. రబ్బరు చెట్టు పాలతో చేసింది, తోలు కాదు, నూనె తాగితే ఉబ్బుతుంది అని కూడా ఏదో చెప్పబోయాడు. నాకు రోషం వచ్చింది. చెప్పులు కుట్టేవాడు నాకు కారు సంగతి చెప్పడమా?

"నువ్వు కాళ్లకేసేటియి సూసుకో. ఉరికేటియి నేను సూసుకుంట."

ఆ మాట నేనే అన్నాను. పర్శరాములు తల దించుకొని కోత పూర్తి చేశాడు. మిగిలిన టైరును మళ్లీ మేకుకు తగిలించాను.

బాలలక్ష్మికి ఆ చెప్పులంటే ప్రాణం. టైరు మీద మధ్యలో మూడు నిలువు గీతలు, అంచుల్లో చేప పొలుసుల్లాంటి గుర్తులు. కారు పోయిన దుమ్ములో ఆమె పక్కనే నడిచి, రెండు గుర్తులూ ఒకటేనని నాకు చూపించేది. బాపు కారు ఎటు పోతే నేనటు పోయినట్టేనని నవ్వేది. పెళ్లయి బెల్లంపల్లి బొగ్గుబాయి కాడికి పోయేటప్పుడు కూడా అవే వేసుకొని పోయింది.

తొలి కాన్పుకు మా ఇంటికొచ్చింది. యాభై తొమ్మిదిలో, వైశాఖ మాసం. నొప్పులు మొదలై రాత్రంతా గడిచినా కాన్పు కాలేదు. తెల్లారి మంత్రసాని బుచ్చవ్వ నన్ను వాకిట్లోకి పిలిచి, శిశువు అడ్డం తిరిగిందని, తన చేతిలో ఏమీ లేదని, కరీంనగర్ పెద్ద దవాఖానకు పొద్దు నడినెత్తికి రాకముందే చేర్చమని చెప్పింది. దొరవారిని అడిగితే మారుమాట లేకుండా తాళం చేతిలో పెట్టారు.

షెడ్డుకు పరుగెత్తి టైర్లు తన్ని చూశాను. గాలి ఉంది. గీతలు ఉన్నాయి. చెయ్యి ఊరుకోక, పోయేది బిడ్డ కోసం కదా అని, నూనె గుడ్డతో ఒకసారి తుడిచాను కూడా. వెనక సీట్లో మా ఇంటిది కమలవ్వ కూర్చుంది. దాని ఒళ్లో బాలలక్ష్మి తల పెట్టుకొని పడుకుంది. చెప్పులు చేతిలో పట్టుకుంది. ఇప్పుడెందుకవి అంటే, మంచిగైనంక నడుచుకుంట వస్తనని చెప్పింది.

జగిత్యాల దాటేసరికి ఎండ ముదిరింది. రోడ్డు మీద పిట్ట లేదు. దూరంగా రోడ్డు మీద నీళ్లున్నట్టు మెరుస్తూ, దగ్గరికి పోగానే మాయమవుతోంది. కిటికీల్లోంచి వేడిగాలి పొయ్యి ముందు కూర్చున్నట్టు మొహాలకు కొడుతోంది. దాంతోపాటు కానుగ నూనె ఉడికిన చేదు వాసన. కొండగట్టు కనపడగానే బాలలక్ష్మి పడుకునే చేతులెత్తి అంజన్నకు దండం పెట్టింది.

అక్కడి మలుపు దాటిన కొంచెం సేపటికి వినపడింది.

టప్... టప్... టప్...

"బాపూ," అంది బాలలక్ష్మి మెల్లగా. "ఎవలో చెప్పులేస్కొని మన ఎంబడి నడుస్తున్నరు."

కారు గంటకు ముప్పై మైళ్లు పోతోంది. మన వెంట నడిచేదెవరే అని నవ్వబోయాను. నవ్వు రాలేదు. కమలవ్వ కిటికీలోంచి తల బయట పెట్టి చూసింది. రోడ్డు, ఎండ, మా దుమ్ము. ఇంకేమీ లేదు.

నేను వేగం పెంచాను. అడుగులూ వేగం పెంచాయి. టప్ టప్ టప్ టప్... తగ్గించాను. అవీ తగ్గాయి. కారు ఎడమ వైపు, ముందు చక్రం పక్కనే నడుస్తున్నట్టుంది. స్టీరింగు చేతుల్లో సన్నగా వణుకుతోంది. ఏ గుడ్డపేలికో చక్రానికి చుట్టుకొని ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను.

"జర ఆగి సూడరాదే బాపూ. నాకు భయమైతున్నది."

"ఇంక ఇరవై మైళ్లే బిడ్డా. దవాఖానకు చేరినంక సూస్త."

ఆ ఒక్క నిమిషం. ఒక్క నిమిషం ఆగి, దిగి, వంగి ఉంటే చాలు. ఏడేళ్లుగా రోజూ కలలో నేను ఆ రోడ్డు మీద ఆగుతూనే ఉన్నాను. దిగుతూనే ఉన్నాను. కళ్లు తెరిస్తే మాత్రం కారు పోతూనే ఉంటుంది.

టప్ టప్ టప్ టప్ టప్...

తుపాకి పేలినట్టు మోత. స్టీరింగు నా చేతుల్లోంచి గుంజుకుపోయింది. కల్వర్టు గోడ ఎదురొచ్చింది. తర్వాత ఆకాశం కిందికీ నేల మీదికీ అయ్యాయి.

మళ్లీ తెలివి వచ్చేసరికి కారు వాగు గుంటలో పక్కకు పడి ఉంది. నా ఎడమ పాదం రేకు కింద ఇరుక్కుంది. చిటికెన వేలూ దాని పక్క వేలూ అక్కడే పోయాయి. అది నాకు అప్పుడు తెలియదు. పైకి లేచిన చక్రం ఇంకా తిరుగుతోంది. దాని నుంచి ఊడిన పెద్ద పట్టీ ఒకటి, తిరిగినప్పుడల్లా రేకుకు కొట్టుకుంటోంది. టప్... టప్... మెల్లమెల్లగా... టప్.

ఆగింది.

బాలలక్ష్మి కమలవ్వ ఒళ్లోనే ఉంది, నావైపే చూస్తోంది. ఆమె కళ్లల్లో కోపం లేదు. ఉంటే నాకు ఎంత బాగుండునో.

"బాపూ... నడుసుడు ఆగింది," అంది.

అంతే. నా బిడ్డ, దాని కడుపులోని బిడ్డ, ఇద్దరూ ఆ గుంటలోనే పోయారు. ఎవరో ఎడ్లబండి వాళ్లు వచ్చి మమ్మల్ని బయటికి తీశారు. సామాన్లన్నీ ఏరి ఇచ్చారు. చెప్పులు మాత్రం దొరకలేదు. గుంటంతా వెతికారు, చెట్ల కింద వెతికారు. దొరకలేదు.

కరీంనగర్‌లో కారు బాగుచేసిన ముసలి మెకానిక్కు ఆ టైరు నా ముందు పెట్టి వేలితో గీరాడు. పెచ్చులూడింది. పైపొర లోపలి గుడ్డ నుంచి విడిపోయి, కొట్టుకుంటూ కొట్టుకుంటూ చివరికి పేలిందన్నాడు. చప్పుడు వినగానే ఆగాల్సింది కదా అన్నాడు. నిలబడ్డ కారుకు టైర్లు ముసలివైపోతాయని, నడిచినా నడవకపోయినా ఏళ్లు ఏళ్లేనని చెప్పాడు. తర్వాత వాసన చూసి, దీనికి నూనె రాసిన తెలివితక్కువవాడు ఎవడని అడిగాడు. నేను నా అరచేతులు వెనక్కి దాచుకున్నాను.

కమలవ్వ ఇంట్లో ఉన్న కానుగ నూనె కుండ తీసుకుపోయి పెంటకుప్ప మీద బోర్లించి వచ్చింది. మళ్లీ మా ఇంట్లోకి ఆ నూనె రాలేదు.

అప్పటి నుంచి ఏ బండి ఆగినా నేను దాని టైర్ల దగ్గర కూర్చుంటాను. గోరు గుచ్చి చూస్తాను, పక్కల పగుళ్లు వెతుకుతాను, ఎన్నేళ్లదని అడుగుతాను. ధర్మపురి బస్సుల వాళ్లు నాకు టైర్ల పిచ్చోడని పేరు పెట్టారు. అననీ. ఆ పిచ్చి ఏదో ముందే పడితే నా బిడ్డ బతికేది.

బిడ్డ పోయి ఏడాది తిరిగిన మాసికం నాడు షెడ్డు తలుపు తెరిస్తే నేల మీది దుమ్ములో అడుగులు కనపడ్డాయి. మధ్యలో మూడు గీతలు, అంచుల్లో పొలుసులు. తలుపు దగ్గర మొదలై కారు చుట్టూ తిరిగాయి. ఒక్కో చక్రం దగ్గర ఆగాయి. ఎవరో నిలబడి, ఒక్కో టైరును చూసి, పక్క టైరుకు పోయినట్టు. బయటికి పోయిన అడుగులు లేవు. తలుపుకు తాళం నేనే వేశాను, తాళంచెవి నా మొలతాడుకే ఉంది. ఎవరికీ చెప్పకుండా చీపురు తెచ్చి ఊడ్చేశాను. ఊడుస్తూ ఏడ్చాను.

బిడ్డ పోయిన మూడేళ్లకు, అరవై రెండులో, ఎండాకాలం ఒక మధ్యాహ్నం. మర్నాడు దొరవారి ఇంటిల్లిపాదినీ ధర్మపురి తీసుకుపోవాలి. వెనక టైర్లు రెండూ పట్నం నుంచి ఎవరో పంపారు. పైకి కొత్తవే. నేను గోరు గుచ్చి చూశాను, బాగానే ఉన్నాయనిపించింది. కారు కింద దూరి వెల్లకిలా పడుకొని నట్లు బిగిస్తున్నాను. తలుపు వేసే ఉంది. రేకు సందుల్లోంచి ఎండ గీతలుగా పడుతోంది. ఊరంతా పడుకుంది. కాకి కూడా అరవడం లేదు.

ముందు వాసన వచ్చింది. కానుగ నూనె, ఎండలో ఉడికిన కానుగ నూనె.

తర్వాత...

టప్... టప్... టప్...

పానా చేతిలోనే ఆగిపోయింది. తల పక్కకు తిప్పాను. కారు అంచుకూ నేలకూ మధ్య జానెడు సందు. ఆ సందులోంచి రెండు పాదాలు కనపడ్డాయి. టైరు చెప్పులు. వేళ్లకు మట్టెలు, నేను పెళ్లికి చేయించినవే. మడమల మీద ఎండిన మట్టి.

ముందు చక్రం దగ్గర ఆగాయి. కాసేపు నిలబడ్డాయి. వెనక చక్రం వైపు నడిచాయి. టప్... టప్...

వాటి వెనకే ఇంకో రెండు పాదాలు. చిన్నవి. మూడేళ్ల పిల్లవాడివో, పిల్లదో. చెప్పుల్లేవు. కాలుతున్న నేల మీద నడిచినట్టు ఒక కాలు ఎత్తి ఒక కాలు పెడుతున్నాయి.

ఒళ్లంతా చెమట. భయమో, ఇంకేదో, ఈనాటికీ నాకు తెలియదు. "బాలవ్వా..." అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

పాదాలు నావైపు తిరిగాయి.

చెవి పక్కనే, కారు కింద నా పక్కనే పడుకొని చెప్పినంత దగ్గరగా వినిపించింది.

"బాపూ... గిది గూడ ముసలిదే."

ఎలా బయటికి వచ్చానో తెలియదు. వీపంతా గీసుకుపోయింది. షెడ్డులో ఎవరూ లేరు. దుమ్ములో మాత్రం రెండు జతల అడుగులు, ఎడమ వెనక చక్రం ముందు ఆగిపోయి ఉన్నాయి. పెద్దవీ, చిన్నవీ, పక్కపక్కనే.

ఆ టైరు విప్పి చాకు దింపాను. పైన వేసింది కొత్త పొర, లోపల గుడ్డంతా పుచ్చిపోయింది. పాత టైరుకు కొత్త తోలు తొడిగారు. చేతితో గుంజితే విడిపోయింది. దొరవారు మొదట మండిపడ్డా, ఆ ముక్క చేతిలో పెట్టాక ఆయనే గుంజి చూశారు. మర్నాటి ప్రయాణం మానుకున్నారు. ఎట్లా కనుక్కున్నావని అడిగితే, నా బిడ్డ చెప్పిందన్నాను. ఆయన నా మొహంలోకి చూసి తల తిప్పుకున్నారు.

అప్పటి నుంచి ఏటా వైశాఖంలో ఆ అడుగులు వస్తాయి. పెద్దవి ఉన్నంతే ఉంటాయి. చిన్నవి ఏటేటా పెరుగుతాయి. కమలవ్వకు చూపించాను. అది భయపడలేదు. కూర్చొని చిన్న అడుగు మీద అరచెయ్యి పెట్టి కొలుచుకుంది. ఈ ఎండల్లో ఉత్తకాళ్లతో తిప్పుతుందేమే దీని తల్లి అని ఏడ్చింది.

ఈ ఏడు వైశాఖంలో వచ్చిన అడుగులు వేరుగా ఉన్నాయి. చిన్న అడుగుల్లో వేళ్ల గుర్తులు లేవు. మధ్యలో మూడు గీతలు, అంచుల్లో పొలుసులు.

నా చూపు దానంతటదే గోడ వైపు పోయింది. మేకుకు వేలాడుతున్న పాత టైరు, బాలలక్ష్మి చెప్పులకు కోయగా మిగిలింది. దాంట్లోంచి కొత్తగా రెండు ముక్కలు కోసి తీసిన ఖాళీలు ఉన్నాయి. ఏడేళ్ల పిల్లల పాదాలంత.

పర్శరాములు దగ్గరికి పరుగెత్తాను. అతను ముసలివాడైపోయాడు. నా వెంట వచ్చి, టైరు కిందికి దించి, తన కత్తి పెట్టి నొక్కాడు. అప్పడంలా పెళపెళమని విరిగింది. ఇంకోచోట నొక్కాడు. అక్కడా విరిగింది. కోసిన అంచుల మీద మాత్రం వేలు పెట్టి చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ అంచులు నున్నగా, మెత్తగా ఉన్నాయి.

"గిది నా కత్తికి తెగదన్నా," అన్నాడు. "ఎవలి కత్తికీ తెగదు."

ఆనాడు నేనన్న మాటకు అప్పుడు క్షమించమని అడిగాను. పదేళ్లు ఆలస్యంగా. అతను వినిపించుకోనట్టే టైరును ఇటు తిప్పాడు. తిప్పి, చూసి, నా కాళ్ల వైపు చూశాడు.

టైరు అటు పక్కన సుద్దతో గీసిన పాదం గుర్తు ఉంది. పెద్ద మగ పాదం. ఎడమది. వేళ్ల దగ్గర గీత మూడు వేళ్లకు వంకర్లు పోయి, ఆ తర్వాత చివరి రెండు వేళ్లు ఉండాల్సిన చోట నేరుగా దిగిపోయింది.

నువ్వా గీసిందని అడగలేదు. అతను టైరును మళ్లీ మేకుకు తగిలించి, చేతులు దులుపుకొని బయటికి నడిచాడు.

కమలవ్వ తడిచేత్తో ఆ గుర్తు తుడిచేసింది. శనివారం ఆ గీత మళ్లీ వచ్చింది. మళ్లీ తుడిచింది. మళ్లీ వచ్చింది. నా బిడ్డకు నామీద కోపమా, లేక ఎండలో నా కాళ్లు కాలుతున్నాయని చెప్పులు చేస్తోందా? కోపమైతే నేను భరించగలను. ప్రేమైతే ఎట్లా భరించాలో తెలియడం లేదు. నేను పోతే కమలవ్వకు ఎవరూ లేరు. ఆ సంగతి షెడ్డు తలుపు దగ్గర నిలబడి బాలలక్ష్మికి చెప్పి చూశాను. లోపలి నుంచి కానుగ నూనె వాసన వచ్చింది.

ఇవాళ పొద్దున పోయి టైరు దించి చూశాను. సుద్ద గీత వెంట, మడమ దగ్గర మొదలై, సగం పాదం దాకా సన్నగా తెగి ఉంది. కింద నేల మీద కొంచెం నల్లటి పొడి రాలి ఉంది. ముట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది.